మా యింటి యంత్రము, దాని జ్ఞాపకము

మన పాఠశాల సంచికకు ఏదైనను వ్రాసి పంపవలసినదని తెలుగు ఉపాధ్యాయులు నన్ను కోరినప్పుడు, నేనేమి వ్రాయగలనని మొదట సందేహించితిని. నేను రచయితను గాను. ఈ బడిలో చదువుకొని, నేడు విద్యుత్ పరికరములను బాగుచేయుచు జీవించుచున్నవాడను. అయినను 2025వ సంవత్సరపు వర్షకాలమున మా యింట జరిగిన యొక చిన్న సంగతి నాకు పెద్ద పాఠము నేర్పినది. అది విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును కొంత యుపయోగపడునని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేము కామాటిపురాలో నొక పాత చాల్‌లో రెండవ అంతస్తున నివసించుచున్నాము. ఉన్నది ఒక్కటే గది. ఒక మూలను మోరీ, పైన అటక, ముందు అందరికిని ఉమ్మడియైన వసారా. ఈ పేటకు పేరు వచ్చినదే మనవారి వలన. బొంబాయి ద్వీపములను కలుపుచు కట్టలు కట్టిన కాలమున, అనగా పద్దెనిమిదవ శతాబ్దాంతమునుండి, తెలుగుదేశమునుండి వచ్చిన కూలీలును మేస్త్రీలును ఇక్కడ గుడిసెలు వేసికొనిరి. వారిని కామాటీలనిరి, వారి పేట కామాటిపురా అయినది. తరువాత నూలుమిల్లులు వెలసినప్పుడు నేతపని యెరిగినవారు వచ్చిరి. మా తాతగారు అట్లు వచ్చినవారే. 1963లో సిరిసిల్ల ప్రాంతమునుండి వచ్చి లాల్‌బాగ్ వైపునున్న యొక మిల్లులో సాంచాలపై పనిచేసిరి. 1982 జనవరి 18వ తేదీన మొదలైన గొప్ప సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పని మానిరి. పిమ్మట అనేకులకు పని మరల దొరకలేదు. మా తాతగారికిని దొరకలేదు.

ఒక్క గది కాపురమునకు గృహయంత్రమెందుకని మీరు నవ్వవచ్చును. మా యిరుగుపొరుగువారును మొదట నవ్విరి. పెద్ద భవనములలో నిట్టి యంత్రములు కిటికీ తెరలను లాగుటకును, దీపముల రంగులు మార్చుటకును పనిచేయును. మాకు అట్టి విలాసములు లేవు. మాకున్న అవసరములు మూడు. తెల్లవారకమునుపే నల్లానీళ్ళు వచ్చును. ఉన్న కొద్దిసేపటిలో పట్టుకొననియెడల దినమంతయు కష్టము. రెండవది, మిల్లులో పత్తిధూళి పీల్చిన తాతగారి ఊపిరితిత్తులకు దినమునకు రెండుమారులు మందు కావలెను. మూడవది, రాత్రివేళ ఆయన వసారా చివరనున్న ఉమ్మడి మరుగుదొడ్డికి పోవునప్పుడు దారిలో దీపము వెలుగవలెను.

ఈ మూడు పనులకై 2021లో నేనొక చిన్న కంప్యూటరును అటకక్రింద అమర్చితిని. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై 4. అరచేతిలో ఇముడును. ఈ జాతి కంప్యూటర్లు ఇంగ్లండులో 2012లో తొలిసారిగా అమ్మకమునకు వచ్చినవి. ఈ నాలుగవ తరము 2019లో వెలువడినది. దానిలో హోమ్ అసిస్టెంట్ అను ఉచిత సాఫ్ట్‌వేరును నడిపితిని. పౌలస్ స్కౌట్సెన్ అను నతడు 2013లో ప్రారంభించిన యీ పనికి లోకమునందు ఎందరో చేయి కలిపిరి. దీని గొప్ప యేమనగా, ఇంటర్నెట్టు లేకున్నను ఇంటిలోని పనులను ఇంటిలోనే నడుపగలదు.

నీళ్ళు కారినప్పుడు హెచ్చరించుటకై చేసిన చిన్న పరికరమొకటి అంగడిలో దొరకును. దానిని తెచ్చి నల్లాక్రింద పళ్ళెములో నుంచితిని. రాత్రి పండుకొనునప్పుడు నల్లాను కొంచెము త్రిప్పి విడిచెదము. నీళ్ళు వచ్చు వేళకు ముందు గొట్టములో గాలి బుసకొట్టును. పిదప చుక్కలు పళ్ళెములో పడును. వెంటనే ఆ పరికరము జిగ్బీ యను తక్కువ శక్తిగల రేడియో పద్ధతిని కంప్యూటరునకు తెలుపును. కంప్యూటరు కిటికీయొద్ద నున్న స్పీకరులో కేకవేయును.

ఆ కేక యెవరిదో చెప్పవలెను. యంత్రము తానుగా పలుకు తెలుగు మా తాతగారికి రుచింపలేదు. "ఇదెవ్వతిరా, మన ముచ్చట రానిది?" అనిరి. అప్పుడు మా నాయనమ్మను కూర్చుండబెట్టి ఆమె నోట నాలుగు మాటలు రికార్డు చేసితిని. ఆమెకు అక్షరములు రావు. బొంబాయిలో ఏబదియేండ్లకు పైగా నున్నను ఆమె మాట సిరిసిల్ల మాటగానే యుండెను. "నీళ్ళొచ్చినయ్! లేవుండ్రి, బిందెలు వెట్టుండ్రి!" అనునది మొదటిది. "మందు పీల్చినవా? మర్చిపోకు" అనునది తాతగారికి. "పైలం, మెల్లగ నడువు, గడప ఉన్నది" అనునది రాత్రివేళకు. "ఇయ్యాల శనివారం, దీపం ముట్టియ్యుండ్రి" అనునది నాలుగవది. అది నేనడుగలేదు, ఆమెయే యెత్తుకొని చెప్పినది.

2023లో మా నాయనమ్మ కాలముచేసినది. స్పీకరులోని మాటలను తీసివేయవలెనా యని తాతగారిని అడిగితిని. "ఉండనియ్యి" అనిరి. అంతకుమించి యేమియు అనలేదు. నాటినుండి దినదినము ఆమె కేకతోనే మాకు తెల్లవారుచుండెను. ఇరుగుపొరుగువారును ఆ పిలుపునకే లేచి బిందెలు సవరించుకొనుచుండిరి.

2025 జూలైలో ఒకనాటి రాత్రి కుండపోతగా వాన కురిసినది. దీపములు మూడు నాలుగు మారులు ఆరి వెలిగినవి. తెల్లవారుజామున నీళ్ళు వచ్చినవి, పోయినవి. మా వసారాలో నెవ్వరును లేవలేదు. నేను మేలుకొనునప్పటికి తాతగారు మంచముమీద కూర్చుండియుండిరి. నీళ్ళ చప్పుడు వినలేదా యని అడిగితిని. "ఇన్న బిడ్డా. గని మీ నాయనమ్మ పిలుస్తదని సూసిన" అనిరి.

కంప్యూటరును దింపి పరీక్షించితిని. దాని పలకకు హానిలేదు. చెడినది గోరంత మెమరీ కార్డు. కంప్యూటరు నడుచుటకు కావలసిన సాఫ్ట్‌వేరు, మేము చేసికొన్న యేర్పాటులు, నాయనమ్మ మాటలు సర్వమును దానిలోనే యున్నవి. మా అన్నగారి కుమార్తె మన బడిలోనే ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఆమె ఆ కార్డును తన ల్యాప్‌టాపులో పెట్టగా, దీనిని వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయుదమా యని తెరమీద ప్రశ్న కనబడినది. "కాకా, అవునని నొక్కాల్నా?" అనుచు వ్రేలు ఆనించబోయినది. "వద్దు బిడ్డా!" అని గట్టిగా అరచితిని. కార్డు లినక్సు పద్ధతిలో వ్రాయబడినది. విండోసు దానిని చదువజాలక అట్లడుగును. ఆ ప్రశ్నకు అవునని చెప్పుట తాళము రానందున ఇంటిని కూల్చుటవంటిది. విద్యార్థులు దీనిని గుర్తుంచుకొనవలెను.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. హోమ్ అసిస్టెంటులో తన యేర్పాటులకు నకలు తీసి దాచుకొను సౌకర్యము కలదు. నేను నెలనెలకు నకలు తీయుచునే యుంటిని. కాని ఆ నకలులన్నియు ఆ కార్డులోనే దాచితిని. పైగా యేర్పాటులకే నకలు తీసితిని గాని, మాటల ఫైళ్ళను వదలివేసితిని. విత్తనపు గింజలను తిండిగింజల గాదెలోనే పోసి, గాదెకు చెద పట్టినప్పుడు ఏడ్చు రైతువలె నుంటిని. పదిమంది యంత్రములను బాగుచేయు నేను సొంత యింట ఇట్లు చేసితినని సిగ్గుపడితిని.

అదృష్టవశమున కార్డు పూర్తిగా మరణింపలేదు. క్రొత్తగా వ్రాయనీయదు, పాతవి చాలవరకు చదువనిచ్చును. మెమరీ కార్డులు చెడునప్పుడు కొన్నిసార్లు ఇట్లు జరుగును. అట్టి సమయమున దానిని మరమ్మతు చేయబోక, ముందు ఉన్నదున్నట్లు మొత్తమునకు నకలు తీయవలెను. దీనికి డీడీరెస్క్యూ అను ఉచిత సాధనము కలదు. అది సులభముగా చదువవచ్చిన భాగములను మొదట గ్రహించి, మొండికెత్తిన భాగములకై తరువాత మరల మరల ప్రయత్నించును. రాత్రియంతయు ఆ పని నడచినది. తాతగారు నిదురపోలేదు, నేనును పోలేదు. ఉదయమునకు గత నెల యేర్పాటుల నకలు దొరకినది. నాయనమ్మ మాటలలో మూడు చెక్కుచెదరక వచ్చినవి. నాలుగవది, శనివారపు దీపము మాట, రాలేదు. మరి రెండు రాత్రులు ప్రయత్నించితిని. రాలేదు.

కార్డు ఎందుకు చెడినదో విద్యార్థులు తెలిసికొనవలెను. మెమరీ కార్డులలో నుండునది ఫ్లాష్ జ్ఞాపకము. జపానులో తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా దీనిని కనిపెట్టి 1984లో లోకమునకు ప్రకటించెను. దీనిలో కోట్లకొలది సూక్ష్మమైన గదులుండును. ఒక్కొక్క గదిలో ఎలక్ట్రానులను బంధించి, వాటి చుట్టును విద్యుత్తు పారని పలుచని పొరను కప్పుదురు. అందువలన కరెంటు పోయినను వ్రాసినది నిలుచును. కాని క్రొత్తగా వ్రాయవలెనన్న పాతదానిని తుడువవలెను. తుడుచుట గది గదికి సాధ్యము కాదు, పెద్ద పెద్ద వరుసలను ఒక్కసారిగా తుడువవలెను. పలకమీద నొక అక్షరము దిద్దుటకు పలకనంతయు తుడిచి మరల వ్రాయుటవంటి దిది. తుడిచిన ప్రతిమారును ఆ పలుచని పొర కొంత అరుగును. కొన్ని వేలమారులు తుడిచిన పిమ్మట గది జ్ఞాపకమును నిలుపలేదు.

ఫోటోలు దాచుకొనువారికి ఈ అరుగుదల తెలియదు. వారు వ్రాయుట తక్కువ. మా యంత్రము పని వేరు. గదిలో వేడిమి యెంత, తలుపు తెరచినదా, వసారాలో నెవరైన నడచినారా యని ప్రతి చిన్న మార్పును అది దినచర్యగా వ్రాసికొనును. వేరుగా చెప్పనియెడల 5 సెకండ్లకొకమారు ఆ మార్పులను కార్డునకు ఎక్కించును. పది దినముల చర్యను నిలువయుంచి, పాతదానిని తుడిచివేయుచుండును. దినమునకు 86,400 సెకండ్లు. అనగా ఎడతెగని మార్పులున్న యింట దినమునకు 17,280 మారులు వ్రాయవచ్చును. నాలుగేండ్లు కార్డు ఓర్చుకొన్నది. వ్రాయుచున్న క్షణమున కరెంటు పోయిన ఆ వానరాత్రి దాని ఓరిమి తీరినది.

ఇదంతయు తాతగారికి వివరించితిని. దీనికి విరుగుడుగా, మంచి నిల్వపరికరములు ఒకే చోట మరల మరల వ్రాయక, అన్ని గదులకును అరుగుదలను సమముగా పంచునని చెప్పితిని. ఆయన ఆశ్చర్యపడలేదు. "గిదేం కొత్తరా? పట్టుచీరను ఎప్పుడు ఒక్క మడతమీన్నే పెడితె గా మడతకాడ్నే పిగులుతది. మీ నాయనమ్మ ఏడాదికి రెండుసార్లు చీర తీసి మడత మార్సేది" అనిరి. ఆ పాఠమును ఇంతకన్న సులభముగా ఏ పుస్తకమును చెప్పజాలదు.

అట్టి నిల్వపరికరమే ఎస్.ఎస్.డి. దానిలోను ఉన్నది ఫ్లాష్ జ్ఞాపకమే. కాని గదులు ఎక్కువ. చెడిన గదులకు బదులుగా అదనపు గదులు ముందే దాచియుండును. మడతలు మార్చు పనిని నేర్పుతో చేయు చిన్న నియంత్రకము లోపల నుండును. మెమరీ కార్డులోను అట్టిది కలదు గాని గోరంత చోటులో దాని శక్తి స్వల్పము. మరియు ఎస్.ఎస్.డి. తన ఆరోగ్యమును తానే తెలుపును. ఎంత అరిగినదో అడిగి తెలిసికొనవచ్చును.

మా యింటినుండి లామింగ్టన్ రోడ్డునకు నడచిపోవచ్చును. ఎలక్ట్రానిక్ సామానులకు ప్రసిద్ధికెక్కిన ఆ వీధిలో 240 గిగాబైట్ల ఎస్.ఎస్.డి.ని, దానిని యు.ఎస్.బి.కి తగిలించు తీగను కొంటిని. హోమ్ అసిస్టెంటును దానిమీదికి ఎక్కించితిని. రాస్ప్‌బెర్రీ పై 4 ఆరంభమున ఎచ్చటనుండి చదువవలెనను ఆజ్ఞ దాని పలకమీదనే ఒక చిన్న చిప్పులో నుండును. పాత పలకలయందు ఆ ఆజ్ఞను క్రొత్తది చేసి, ముందుగా యు.ఎస్.బి.ని చూడుమని చెప్పవలెను. అట్లు చేసి, కార్డుచోటు ఖాళీగా విడిచి, ఎస్.ఎస్.డి.ని తగిలించి కరెంటు ఇచ్చితిని. లేచినది. దొరకిన నకలును ఎక్కించగా మా యేర్పాటులన్నియు తిరిగి వచ్చినవి. మా అన్నకూతురు మూడు మాటల ఫైళ్ళను వాటి స్థానములలో నుంచినది. ఆ సాయంకాలము "మందు పీల్చినవా?" అని స్పీకరు పలికినది. తాతగారు మారుపలుకక మందు తీసికొనిరి.

పని ముగిసినదనుకొంటిని. కాని మరునాటి ఉదయము నీళ్ళు వచ్చినను పిలుపు రాలేదు. పళ్ళెములో నీరు నిండినది. కంప్యూటరునకు వార్త అందలేదు. పరికరములో బ్యాటరీ బాగుగానే యున్నది. చాలసేపు వెదకిన పిమ్మట కారణము తెలిసినది. ఎస్.ఎస్.డి.ని తగిలించిన ద్వారము యు.ఎస్.బి. 3 జాతిది. అది వేగముగా పనిచేయునప్పుడు 2.4 గిగాహెర్ట్జు ప్రాంతమున రేడియో రొదను వెలువరించునని 2012లోనే ఇంటెల్ సంస్థ యొక పత్రములో వివరించెను. మా జిగ్బీ పరికరము మాటలాడునది సరిగా ఆ ప్రాంతముననే. దాని వార్తలను అందుకొను రేడియోను నేను ఎస్.ఎస్.డి. ప్రక్కద్వారముననే గ్రుచ్చితిని. సంతలో డప్పువాని ప్రక్క నిలిచి గుసగుసలు వినగోరినట్లు చేసితిని. ఒక మీటరు పొడవుగల యు.ఎస్.బి. తీగతో ఆ రేడియోను దూరముగా గోడకు తగిలించగానే వార్తలు స్పష్టముగా అందినవి.

ఇంకొక లోపమును గూడ సవరించితిని. ఇంతకాలము కంప్యూటరునకు పాత ఫోను చార్జరునే వాడుచుంటిని. ఈ కంప్యూటరునకు 5.1 వోల్టులు, 3 ఆంపియరులు ఇచ్చు చార్జరు తగినది; అప్పటికిని నాలుగు యు.ఎస్.బి. ద్వారములకు కలిపి 1.2 ఆంపియరు మాత్రమే లభించును. ఎస్.ఎస్.డి.కి కార్డుకన్న ఎక్కువ శక్తి కావలెను గనుక తగిన చార్జరును తెచ్చితిని. కరెంటు హఠాత్తుగా పోయినను కొంతసేపు నడచుటకు చిన్న బ్యాటరీ పెట్టెను చేర్చితిని. వేడిమివంటి అనవసరమైన దినచర్యను వ్రాయవద్దని యంత్రమునకు చెప్పితిని. ఎస్.ఎస్.డి. వచ్చినది గదా యని ధీమా పనికిరాదు. వ్రాయుచుండగా కరెంటు పోయిన దానికిని హాని కలుగవచ్చును; ఎన్నడో యొకనాడు అదియు అరుగును.

మూడవనాటి ఉదయము చీకటిలో నల్లా బుసకొట్టినది. "నీళ్ళొచ్చినయ్! లేవుండ్రి, బిందెలు వెట్టుండ్రి!" అని నాయనమ్మ కేక వసారాయంతట వినబడినది. బిందెల చప్పుడు మొదలైనది. ప్రక్కగదిలోని పెద్దమ్మ తలుపు తీసి, "వచ్చినావా తల్లీ!" అని నవ్వినది. తాతగారు నవ్వలేదు, కండ్లు తుడుచుకొనిరి.

పోయిన నాలుగవ మాటనుగూర్చి ఆయనతో చెప్పుటకు నాకు నోరు రాలేదు. శనివారము సాయంకాలము స్పీకరు ఊరకుండుట చూచి ఆయనకే తెలిసినది. నేను తలవంచుకొని నా తప్పు చెప్పితిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "గా మాట నాకు యాదున్నది. నేను జెప్త తియ్యి" అని, దేవునిగూటివైపు తిరిగి, "ఇయ్యాల శనివారం, దీపం ముట్టియ్యుండ్రి" అని నాయనమ్మ చెప్పినట్లే చెప్పిరి. మా అన్నకూతురు దీపము వెలిగించినది. మరుసటి శనివారము ఆయన అనుమతితో ఆమె ఆ మాటను రికార్డు చేసినది. నేడు మా యంత్రములో మూడు మాటలు నాయనమ్మవి, ఒకటి తాతగారిది.

ఈ నాలుగు మాటలకును ఇప్పుడు మూడు నకలులున్నవి. ఒకటి మా ఎస్.ఎస్.డి.లో, ఒకటి అన్నకూతురు ల్యాప్‌టాపులో, మూడవది భివండీలో నున్న మా మేనత్త యింట. నెలకొకమారు వాటిని తెరచి వినుచున్నాము. తెరచి చూడని నకలును నమ్మరాదని నేర్చుకొంటిని. మా పేటను కూల్చి క్రొత్తగా కట్టుటనుగూర్చి మాటలు వినబడుచున్నవి. రేపు మా గది యేమగునో, మేమెచ్చటికి పోవుదుమో తెలియదు. ఎచ్చటికి పోయినను ఆ మాటలు మావెంట వచ్చును.

విద్యార్థులారా! మీ యిండ్లలోను తాతలు, అవ్వలు ఉందురు. వారు పలుకు తెలుగు ఈ మహానగరమున మరియొకచోట దొరకదు. వారిని కూర్చుండబెట్టి నాలుగు మాటలు చెప్పించి దాచుడు. ఒకచోట దాచి ఊరకుండక రెండవచోటను దాచుడు. దాచినదానిని అప్పుడప్పుడు తెరచి వినుడు. తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే: పిల్లలు మీ యెదుట ఫోను పట్టుకొని, "ఒక్క మాట చెప్పు" అని అడిగినప్పుడు సిగ్గుపడి త్రోసిపుచ్చకుడు, చెప్పుడు.